మూడు డోర్ల థార్‌లో పసిబిడ్డ సీటు ఎటువైపు?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాకిప్పుడు ఏడో నెల. మావారికి థార్ అంటే ప్రాణం. పెళ్లికి ముందే, 2022లో, మూడు డోర్ల హార్డ్‌టాప్ కొనుక్కున్నారు. వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు ఎడమ సీటు వంచి, సందులోంచి దూరాలి. ఒట్టి చేతులతో ఎక్కడానికే నాకు ఆయాసం వస్తోంది. బిడ్డని వెనక్కి తిప్పి పడుకోబెట్టే రియర్ ఫేసింగ్ కారు సీటు ఇందులో పడుతుందా? పడితే ఎడమవైపు పెట్టాలా, కుడివైపు పెట్టాలా? మావారు ఆరడుగులు. డ్రైవింగ్ సీటు బాగా వెనక్కి జరుపుకుంటారు. కాన్పుకి రాజమండ్రి పుట్టింటికి వెళ్తున్నాను. అయిదో నెలలో తీసుకొస్తామని అత్తయ్యగారు అంటున్నారు. అక్కడ నాన్నగారి పాత వ్యాగన్ ఆర్ ఉంది. అమెరికాలో ఉన్న అన్నయ్య అక్కడి సీటు తెస్తానంటున్నాడు. అమ్మేమో 'నిన్ను ఒళ్లో పెట్టుకునే తిప్పాం, ఈ కుర్చీలెందుకు' అంటోంది. బండి మార్చమని మావారిని అడగడానికి మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: బండి మార్చక్కర్లేదు. ఆ మాట ముందు మీవారికి చెప్పండి, స్థిమితపడతారు.

మూడు డోర్ల థార్‌లో రియర్ ఫేసింగ్ సీటు పడుతుంది. మీ వెనక సీట్లు ముందుకు చూసే రకం కాబట్టి ఐసోఫిక్స్ కడ్డీలు ఉంటాయి. సీటు కుషన్‌కీ బ్యాక్‌కీ మధ్య సందులో వేళ్లు పెట్టి తడిమి చూడండి. సన్నటి ఇనప కడ్డీలు చల్లగా తగులుతాయి, ఒక్కో సీటుకి రెండు చొప్పున. పిల్లల సీటు అడుగున ఉండే కొక్కేలు వాటినే పట్టుకుంటాయి. 2020లో, కార్లని గుద్దించి భద్రత కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ బండికి పెద్దల భద్రతకి 4 స్టార్లు, పిల్లల భద్రతకి 4 స్టార్లు వచ్చాయి. బండిలో లోపం లేదు. తిప్పలన్నీ ఆ డోరుతోనే.

మూడు డోర్ల బండి విషయంలో చాలామంది సీటు పడుతుందా లేదా అన్న దగ్గరే ఆగిపోతారు. సీటు ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. రోజూ ఆ సందులోంచి దూరేది మీరు, చేతిలో బిడ్డతో. కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏ దారిన ఎక్కుతారు అన్నది ముందు తేల్చుకుని, సీటు తర్వాత కొనండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట 'అయిదో నెల'. కారు సీట్ల గురించి చదివే సలహాలన్నీ ఆస్పత్రి గేటు దగ్గర మొదలవుతాయి. పుట్టిన రెండో రోజు బిడ్డ అమ్మానాన్నల సొంత కారెక్కుతుందని వాళ్ల లెక్క. మన ఇళ్లలో అలా జరగదు. ఆస్పత్రి నుంచి మీ బిడ్డ ఎక్కేది తాతగారి వ్యాగన్ ఆర్. 6, 10, 14 వారాల టీకాలకి వెళ్లేదీ అందులోనే. థార్ ఎక్కేసరికి బిడ్డ ఆరేడు కిలోలుంటుంది, మెడ కాస్త నిలబడుతుంది, మీ ఒళ్లూ కోలుకుంటుంది. అంటే మీకున్నవి రెండు వేరు వేరు పనులు. రెండిటికీ ఒకే సీటు కొనాలని పట్టుబడితే ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటారు.

అమ్మగారి మాట సంగతి కూడా ఇక్కడే చూసేద్దాం, ఎందుకంటే రాజమండ్రిలో మీ పక్కన కూర్చునేది ఆవిడే. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో ఇరవయ్యో వంతులో ఆగిపోయిందనుకోండి. 5 కిలోల బిడ్డని ఆ క్షణంలో పట్టుకోవాలంటే దాదాపు 140 కిలోల బరువుని ఆపినంత బలం కావాలి. అంత బలం ఏ అమ్మమ్మ చేతుల్లోనూ ఉండదు. ప్రేమ తక్కువై కాదు. మిమ్మల్ని తిప్పిన రోజుల్లో రోడ్డు మీద ఇంత వేగాలూ లేవు, ఇన్ని బళ్లూ లేవు అని నచ్చజెప్పండి, నొచ్చుకోరు. వెనక్కి ఎందుకు తిప్పాలంటారా, పుట్టిన బిడ్డ పొడవులో తలే పావు వంతుంటుంది. మెడేమో లేతగా ఉంటుంది. ముందుకు చూస్తూ కూర్చుంటే బెల్టు ఒంటిని ఆపుతుంది, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడిటినీ సీటు బ్యాక్ ఒక్కసారే అరచేతిలా పట్టుకుంటుంది. ఇక చట్టం సంగతి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకుండా తీసుకెళ్తే 1000 రూపాయల జరిమానా. ఆపి అడిగేవాళ్లు మనకి పెద్దగా కనబడరు, అది వేరే సంగతి.

రాజమండ్రి నెలలకి బకెట్ సీటు చాలు. పైన హ్యాండిల్ ఉండి బుట్టలా మోసుకెళ్లే రకం. కారు బెల్టుతోనే బిగించేది తీసుకోండి, పాత వ్యాగన్ ఆర్‌లో ఐసోఫిక్స్ ఉంటుందని నమ్మడానికి లేదు. ఆ సీటు 13 కిలోల దాకా అని రాసి ఉన్నా, పొడవు చాలక పిల్లలు ఏడాదికి అటూ ఇటూగా దాన్ని దాటేస్తారు. అందుకని కొనే ముందు చుట్టాల్లో ఒకసారి అడగండి. ఉయ్యాల అడిగి తెచ్చుకుంటాం కదా, అలాగే. ఒక్కటే షరతు, ఆ సీటు చరిత్ర మీకు తెలిసుండాలి. ఒక్కసారి యాక్సిడెంట్ చూసిన సీటు పైకి ఎంత బాగున్నా పనికిరాదు. అడుగున వాడకానికి గడువు తేదీ వేసి ఉంటే అదీ చూడండి. ముక్కూ మొహం తెలియని వాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ వద్దు.

మీ అన్నయ్య తెస్తానన్న సీటుతో ఒక చిక్కుంది. అక్కడి కార్లలో బెల్టుని చివరిదాకా లాగి వదిలితే ఆ బిగువు మీదే లాక్ అయి ఉండిపోయే ఏర్పాటు ఉంటుంది. అక్కడి సీట్లు చాలావరకు దాన్ని నమ్ముకునే తయారవుతాయి. మన కార్లలో చాలావాటి బెల్టులు మెల్లగా లాగితే ఎంతైనా వస్తాయి, ఒక్కసారిగా గుంజితేనే ఆగుతాయి. అలాంటి బెల్టుతో అమెరికా సీటు బిగిస్తే ఇంటి దగ్గర గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, రెండు మలుపులు తిరిగేసరికి వదులైపోతుంది. బెల్టుని పట్టి ఉంచే లాకాఫ్ అనే క్లిప్పు సీటులోనే ఉన్న మోడల్ దొరికితే తెమ్మనండి. లేదంటే బట్టలూ బొమ్మలూ తెమ్మనండి. వాటికైతే ఏ తకరారూ లేదు. థార్‌లోనైతే అమెరికా సీటుకుండే పట్టీ కొక్కేలు ఐసోఫిక్స్ కడ్డీలకే తగిలించుకోవచ్చు. రెండు దేశాల్లోనూ ఆ కడ్డీల మధ్య దూరం ఒకటే, 280 మిల్లీమీటర్లు.

ఇక థార్. ఎటువైపు అన్నది ఇక్కడే తేలాలి.

వెనక్కి వెళ్లే దారి ఎడమవైపు నుంచే. ముందు ఎడమ సీటు వంగి ముందుకు జరిగితే ఏర్పడే సందే మీకు గుమ్మం. రియర్ ఫేసింగ్ సీటు ఎడమవైపు పెడితే ఆ గుమ్మానికి అడ్డంగా బీరువా పెట్టినట్టే. సీటు వీపు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి దాన్ని దాటుకుని కుడివైపు వెనక సీట్లోకి వెళ్లడం పెద్దవాళ్లకి దాదాపు అసాధ్యం. అంటే మీరు బిడ్డ పక్కన కూర్చోలేరు. కుడివైపు, అంటే డ్రైవరు వెనక పెడితే గుమ్మం ఖాళీగా ఉంటుంది, ఎడమ వెనక సీటు మీదవుతుంది, బిడ్డ మీ కుడిచేతి పక్కనే ఉంటుంది. ఇద్దరూ కలిసి వెళ్లే ఇంటికి నా ఓటు కుడివైపుకే.

కుడివైపు పెడితే ఇంకో సుఖం ఉంది. ఈ మధ్య గుండ్రంగా తిరిగే ఐసోఫిక్స్ సీట్లు వస్తున్నాయి. నాలుగు డోర్ల కారులో వాటిని డోరు వైపు తిప్పి బిడ్డని కూర్చోబెడతారు. మూడు డోర్ల బండికి అవి దండగ అని షాపులో కూడా చెబుతారు, పక్కన డోరే లేదు కదా అని. ఎడమవైపు పెడితే నిజమే, తిప్పితే గోడకేసి చూస్తుంది. కుడివైపు పెట్టి లోపలికి, మీ వైపు తిప్పి చూడండి. మీరు ఎడమ సీట్లో కూర్చుని ఉంటారు, బిడ్డ మొహం తిన్నగా మీకెదురుగా వస్తుంది. నడుం మెలితిప్పకుండా బెల్టులు పెట్టొచ్చు, తీయొచ్చు. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. బండి కదిలే ముందు సీటుని మళ్లీ వెనక్కి తిప్పి, లాక్ పడిన చప్పుడు వినాలి. పక్కకి తిరిగి ఉన్న సీటులో బిడ్డతో వీధి చివరిదాకా కూడా వెళ్లకూడదు. ఈ రకం సీట్లు బరువు, పది కిలోల పైమాటే. బిగించాక ఊరికే తీసి పెట్టే పని పెట్టుకోరు. ఖరీదూ ఎక్కువే. రాజమండ్రికి కొత్తది కొనకుండా అరువు తెచ్చుకోమన్నది అందుకే.

మీవారి పొడవు ఒక్కటే కుడివైపుకి అడ్డు. దీన్ని కాగితం మీద తేల్చలేం. కొనే ముందు బండి షాపు దగ్గరికి తీసుకెళ్లండి. కుదరదంటే వేరే షాపు చూసుకోండి, బండిలో పెట్టి చూడనివ్వని చోట ఈ వస్తువు కొనకూడదు. సీటు కుడివైపు బిగించి చూపించమనండి. తర్వాత మీవారు తాను నిజంగా నడిపే తీరులోనే కూర్చోవాలి, షాపువాడి మొహమాటానికి ముందుకు జరక్కూడదు. క్లచ్ అడుగంటా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి, బ్యాక్‌కి ఆనుకునే చేయి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకి అందాలి. అప్పుడు మీరు వెనక చూడండి. పిల్లల సీటు వీపుకీ డ్రైవింగ్ సీటుకీ మధ్య అరచేయి దూరితే చాలు. ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయంటే కుదర్లేదనే అర్థం. మెల్లగా ఆనితే ఫర్వాలేదని కొన్ని కంపెనీలు రాస్తాయి, మీరు కొనేదాని పుస్తకంలో ఆ మాట ఉంటేనే ఒప్పుకోండి. చాలామంది మగవాళ్లు సీటు అవసరానికి మించి వెనక్కి జరుపుకుని, కాళ్లు చాచి నడుపుతారు. మీవారిదీ ఆ అలవాటే అయితే ఆ రెండంగుళాలు దొరుకుతాయి. నిజంగానే దొరకకపోతే గట్టిగా పట్టుపట్టకండి. రోజూ ఇరుక్కుని నడిపే డ్రైవరు కూడా బిడ్డకి ప్రమాదమే.

అప్పుడు ఎడమవైపు పెట్టండి. బిడ్డ వెనక, మీరు ముందు సీట్లో. మీరు కూర్చునే ఆ ముందు సీటుని కాస్త ముందుకు జరపాల్సొస్తుంది. ఎంత జరిపినా డాష్‌బోర్డుకీ మీ ఛాతీకీ మధ్య 25 సెంటీమీటర్లకి తగ్గకూడదు, అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ముందు సీటు వంచి బిడ్డని పెట్టాక మళ్లీ వెనక్కి లాగినప్పుడు అది పూర్తిగా లాక్ అయిందో లేదో రెండు చేతులతో ఊపి చూడండి. ఎడమవైపు పెట్టినవాళ్లలో నేను చూసిన పొరపాటు ఇదే, వెనక పిల్లల సీటు అడ్డం తగిలి ముందు సీటు ఒక గాడి తక్కువలో ఆగిపోతుంది. పైకి తెలియదు. మీరు బండి నడుపుతారో లేదో రాయలేదు. బిడ్డతో ఒక్కరే వెళ్లే రోజులు ఎక్కువుంటే ఎడమవైపే మేలు. ముందు సీటు ఖాళీ, ఎడమ పక్కన ఆగితే మీరు నిలబడేది ఫుట్‌పాత్ వైపు, ట్రాఫిక్ వైపు కాదు.

మా చెల్లెలికీ ఇలాంటి బండే ఉంది. పోయినేడు ఆ ఇంట్లో ఇదే గొడవ. బిడ్డ పుట్టకముందే ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ సెల్లారులో ట్రయల్ పెట్టుకున్నాం. బొమ్మకి బరువుండదని 5 కిలోల సోనామసూరి సంచీని తువ్వాల్లో చుట్టాం. సంచీని ఎత్తుకుని సైడ్ స్టెప్ మీద కాలు పెట్టి, తల వంచి లోపలికి దూరబోయాను. నా నెత్తి బండి పైఅంచుకి ఠంగుమని తగిలింది. అసంకల్పితంగా ఒక చేయి నెత్తి మీదికి పోయింది, రెండో చేతిలోంచి సంచీ జారి స్టెప్ మీద పడి, అక్కణ్నుంచి నేల మీద పడింది. కుట్టు ఊడి సెల్లారంతా బియ్యం. వాచ్‌మన్ చీపురు తెస్తూ 'బియ్యానికి కూడా బెల్టు పెడతారా అమ్మా' అన్నాడు. అందరం నవ్వాం. చెల్లెలు మాత్రం నవ్వలేదు. ఆ బియ్యం వంకే చూస్తూ నిలబడింది.

ఆ రోజు పెట్టుకున్న నియమం ఇప్పటికీ ఆ ఇంట్లో నడుస్తోంది. బిడ్డని ఎత్తుకుని ఎవరూ థార్ ఎక్కరు. ముందు ఒట్టి చేతులతో మనిషి ఎక్కి, వెనక ఎడమ సీట్లో సర్దుకుని కూర్చోవాలి. చున్నీ, పైట అన్నీ లోపలికి లాక్కున్నాక కింద ఉన్నవాళ్లు బిడ్డని అందించాలి. అందించేవాళ్లు ఒక చేయి బిడ్డ తల మీద టోపీలా పెట్టి ఉంచాలి, పైఅంచు తగిలితే వేళ్లకి తగులుతుంది. దిగేటప్పుడు ఇదే తిరగేసి, ముందు బిడ్డ, తర్వాత మనిషి. అందించడానికి ఎవరూ లేని రోజు బిడ్డని ఛాతీకి కట్టుకునే బేబీ క్యారియర్‌లో వేసుకుని, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని ఎక్కి, కూర్చున్నాక విప్పి సీట్లో పెట్టొచ్చు. వానలో ఇదంతా చిరాకే. గొడుగు పట్టే మనిషి కూడా కావాల్సొస్తుంది. చెల్లెలు ఆపేసిన ఇంకో పని, బకెట్ సీటుని బిడ్డతో సహా లోపలికి ఎత్తడం. సీటు నాలుగు కిలోలు, బిడ్డ అయిదారు కిలోలు, అంత బరువుని చేయి చాచి, నడుం తిప్పి, ఎత్తు మీదికి. సిజేరియన్ అయిన మనిషి తొలి వారాల్లో బిడ్డని మించిన బరువు ఎత్తకూడదనే డాక్టర్లు చెబుతారు. మూడు డోర్ల బండిలో సీటు కదలకూడదు, బిడ్డే కదలాలి.

బిగించడం మీవారి పని. వెనక ఎడమ సీటు బ్యాక్ మడిచి, స్పేర్ టైరున్న వెనక డోరు తెరిస్తే చోటు బాగా వస్తుంది. ఒకరు లోపల మోకాళ్ల మీద, ఒకరు వెనక నుంచి వంగి. కొక్కేలు రెండూ టక్కుమనాలి, గుర్తులు రెండూ ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారాలి. కింద కాలు ఉండే రకమైతే ఆ కాలు నేలకి గట్టిగా ఆనాలి. దళసరి మ్యాట్ ఉంటే తీసేయండి. ఈ కాలున్న సీట్లు అన్ని బళ్లకీ సరిపోవు. ఏయే బళ్లలో పెట్టొచ్చో సీటు కంపెనీ ఒక జాబితా ఇస్తుంది, అందులో థార్ ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి. బిగించాక కొక్కేల దగ్గర పట్టుకుని ఊపితే అటూ ఇటూ అంగుళం మించి కదలకూడదు. పైభాగం కాస్త ఊగుతుంది, దానికి కంగారు పడకండి.

బిడ్డ పడుకునే వాలు ఇంకా ముఖ్యం. పసివాళ్లకి 45 డిగ్రీల దగ్గర ఉండాలి. మరీ నిటారుగా ఉంటే నిద్రలో తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆని ఊపిరి అందదు. సీటు పక్కన గీతో, నీటి బుడగో ఉంటుంది, బండి చదునైన నేల మీద ఉన్నప్పుడే చూడాలి. మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద కాదు. భుజాల బెల్టులు భుజం ఎత్తులోగానీ అంతకన్నా కాస్త కిందగానీ మొదలవ్వాలి. బిగించాక బెల్టుని భుజం దగ్గర రెండు వేళ్లతో గిల్లితే మడత దొరక్కూడదు. మందపాటి స్వెట్టర్ వేసి బెల్టు పెట్టొద్దు. విశాఖలో స్వెట్టర్లెందుకు అంటారేమో, మన బామ్మలకి ఏసీ చూస్తేనే చలి.

కొనేటప్పుడు నారింజ రంగు లేబుల్ చూడండి. ఆర్ 44/04 అని ఉంటే పాత ప్రమాణం, ఆర్ 129 అని ఉంటే కొత్తది. రెండో దాంట్లో పక్కనుంచి గుద్దే పరీక్ష కూడా ఉంటుంది, బిడ్డకి 15 నెలలు నిండేదాకా వెనక్కే తిప్పి ఉంచాలన్న నిబంధనా ఉంటుంది. 15 నెలలన్నది కనీసం మాత్రమే. సీటు ఒప్పుకున్నంత బరువు, పొడవు వచ్చేదాకా వెనక్కే ఉంచమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018 నుంచి చెబుతోంది. స్వీడన్‌లో నాలుగేళ్ల పిల్లలు కూడా వెనక్కి తిరిగే కూర్చుంటారు. కాళ్లు ముడుచుకుంటాయే అని మనవాళ్లు జాలిపడతారు. పిల్లలకి అది హాయిగానే ఉంటుంది, బాసింపట్టు వేసుకుంటారు.

ముందు సీట్లో పెట్టేస్తే ఈ తిప్పలేవీ ఉండవు కదా అని మీవారికి తోచవచ్చు. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న సీటు ముందు రియర్ ఫేసింగ్ సీటు ఎప్పుడూ పెట్టకూడదు. అది పేలితే సరిగ్గా బిడ్డ తల వెనక ఉన్న సీటు వీపునే కొడుతుంది. దాన్ని ఆపే స్విచ్ బండిలో ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. ఉన్నా, వేరే దారి లేనప్పుడే ఆ ఆలోచన చేయండి. అలాగే మీ అత్తగారి ఊళ్లో ఎవరిదైనా పాత జీపో, వెనక అడ్డ బెంచీలున్న బొలెరోనో ఎక్కాల్సొస్తే ఆ పక్కచూపు బెంచీ మీద పిల్లల సీటు కట్టొద్దు. ఏ పిల్లల సీటూ అలా కూర్చోబెట్టడానికి తయారవ్వదు.

మిగిలింది అయిదో నెల ప్రయాణం. రాజమండ్రి నుంచి విశాఖకి సుమారు 190 కిలోమీటర్లు. తొలి నెలలో ఒక్క బిగిన అరగంట మించి సీట్లో ఉంచొద్దంటారు. అయిదో నెలకి అంత పట్టింపు అక్కర్లేదు గానీ రెండు గంటలకోసారి బిడ్డని బయటికి తీసి వీపు చాపనివ్వాలి. సీటుని థార్‌లో ముందు రోజే బిగించి పెట్టుకుని రమ్మనండి. రాజమండ్రిలో ముహూర్తం ముంచుకొస్తుంటే, చుట్టూ పదిమంది సలహాలిస్తుంటే ఆ పని సవ్యంగా జరగదు. ఎండాకాలమైతే బండి నీడన పెట్టి, సీటు మీద తెల్ల తువ్వాలు కప్పి, బయల్దేరే ముందు బకిల్ ఇనుము చేత్తో ముట్టి చూడండి. వెనక ఏసీ వెంట్లు లేని మోడల్ మీది. బయల్దేరడానికి పది నిమిషాల ముందే ఏసీ వేసి ఉంచండి. నీడ కోసమని బిడ్డ సీటు మీద బట్ట కప్పేసి మాత్రం ప్రయాణం చేయొద్దు, లోపల గాలి ఆడదు.

జగ్గంపేట, కత్తిపూడి దాటాక అన్నవరం వస్తుంది. అక్కడ ఆగండి, హైవే పక్కన కాదు, లోపలికి వెళ్లి చెట్టు నీడన. ప్రసాదం మీవారు తెస్తారు. మీరు దిగనక్కర్లేదు, దిగితే మళ్లీ ఆ సందులోంచి ఎక్కాలి. బండి ఆగి ఉంది కాబట్టి బిడ్డని సీట్లోంచి తీసి, పాలిచ్చి, కావలసినంతసేపు ఒళ్లో పడుకోబెట్టుకోండి. అమ్మగారు కూడా మీతో బయల్దేరితే ఆ కాసేపూ ఒళ్లు ఆవిడది.